లెక్క వచ్చునా అని ఎలా అడగాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

జనాభా లెక్కలకు వచ్చే ఎన్యూమరేటరు ఇంట్లో ఏడేళ్లు, ఆపైన వయసున్న ప్రతి ఒక్కరికీ చదవడం, రాయడం వచ్చునా అని అడుగుతారు. ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదివి, రాయగలిగితే వారిని అక్షరాస్యులుగా నమోదు చేస్తారు. లెక్క వచ్చునా అని మాత్రం అడగరు. నిత్యజీవితంలో సంఖ్యలతో మెలిగే నేర్పును ఇంగ్లీషులో ‘న్యూమరసీ’ అంటారు; ఆ మాటను తెచ్చింది ఇంగ్లండులో 1959లో వెలువడిన క్రౌథర్ విద్యా నివేదిక. మన పత్రాల్లో దానిని సంఖ్యా పరిజ్ఞానం అంటున్నారు గానీ, ‘లెక్కాజమా తెలిసిన మనిషి’ అని పెద్దవాళ్లు అనే మాటే నాకు దానికి దగ్గరగా తోస్తుంది.

మా ఊరి వారపు సంతలో బెండకాయలు అమ్మే ఒక పెద్దావిడ ఉంది. కిలో 36 రూపాయలున్న రోజున ముప్పావు కిలో అడిగాను. కాటా దించకముందే, “అరకిలో పద్దెనిమిది, పావు తొమ్మిది, ఇరవై ఏడివ్వమ్మా” అంది. యాభై రూపాయల నోటిస్తే, మూడు రూపాయి బిళ్లలు నా చేతిలో పెట్టి “ముప్పై” అంది, వాటిమీద రెండు పది నోట్లు ఒక్కొక్కటిగా పెడుతూ “నలభై, యాభై” అంది. ఆవిడ తీసివేత చేయలేదు. ఇరవై ఏడు దగ్గర మొదలుపెట్టి యాభై దాకా లెక్కపెట్టుకుంటూ వెళ్లింది. మీకు లెక్కలు బాగా వచ్చే అన్నాను. “నాకెక్కడి లెక్కలమ్మా, బడికే పోలేదు” అంది.

ఈ మాట దగ్గరే అసలు చిక్కుంది. బ్రెజిల్ దేశంలోని రెసీఫే నగరంలో వీధుల్లో సరుకులమ్మే ఐదుగురు పిల్లలను ముగ్గురు పరిశోధకులు పరీక్షించి, ఆ ఫలితాలను 1985లో ప్రచురించారు. మొదట బేరం చేస్తున్నట్లే లెక్కలడిగితే నూటికి 98 సరిగ్గా చెప్పిన ఆ పిల్లలే, అటువంటి లెక్కలను కేవలం అంకెలుగా ఇచ్చినప్పుడు నూటికి 37 మాత్రమే చేయగలిగారు. ఒక్కొక్కటి 35 చొప్పున పది కొబ్బరికాయల ధర అడిగితే, మూడింటికి 105, ఇంకో మూడింటితో 210, మరో మూడింటితో 315, ఇంకొకటి కలిపి 350 అని ఒక పిల్లవాడు కూడుకుంటూ చెప్పాడు. పదితో హెచ్చవేయాలంటే పక్కన సున్నా చేర్చడమే బడి చెప్పే దారి, కానీ ఆ అబ్బాయి దారిలోనూ తప్పు లేదు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలపై ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు చేసి 2025లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే కనబడింది. దాని రెండో భాగం నన్ను మరింత ఆలోచింపజేసింది: కాగితం మీద లెక్కలు చేయగలిగిన బడి పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. అంటే ఒకచోట ఉన్న నేర్పు రెండోచోటికి తనంతట తానుగా నడిచి రాదు.

గ్రామీణ పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే 2023లో 26 రాష్ట్రాల్లోని 28 గ్రామీణ జిల్లాల్లో, 14 నుంచి 18 ఏళ్ల వయసున్న 34,745 మందిని ఇళ్లకు వెళ్లి ఒక్కొక్కరిగా పరీక్షించింది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్కతో పాటు నిత్యం అవసరమయ్యే పనులు కూడా ఇచ్చింది. అందులో స్కేలు ప్రశ్న ఒకటి. వస్తువు ఒక కొన సున్నా గీత దగ్గర ఉన్న బొమ్మ చూపితే, దాని పొడవును దాదాపు 85 శాతం మంది సరిగ్గా చెప్పారు. అదే కొనను సున్నా దగ్గర కాక మరో గీత దగ్గర ఉంచితే, సరిగ్గా చెప్పినవారు 39 శాతానికి పడిపోయారు. వస్తువు చివర కనిపించిన అంకెను చదవడం వేరు, రెండు గీతల మధ్య దూరమే పొడవని తెలియడం వేరు. మొదటి బొమ్మ ఒక్కటే ఇచ్చి ఊరుకుని ఉంటే, ఆ 85 శాతం మందికీ కొలవడం వచ్చునని మనం తృప్తిపడి ఉండేవాళ్లం.

కొలతల పేర్లు కూడా పరీక్షలో భాగమే. తెలంగాణ రైతును సెంట్లలోనూ, గుంటూరు రైతును గుంటల్లోనూ అడిగితే, ఎకరం ఇద్దరికీ ఒక్కటే అయినా జవాబు రాకపోవచ్చు. నలభై గుంటలూ ఎకరమే, నూరు సెంట్లూ ఎకరమే. అక్కడ జవాబు రాకపోతే అది లెక్క రాకపోవడం కాదు, మనం అడగడం రాకపోవడం.

ధనిక దేశాలు ఎక్కువగా పాల్గొనే ఒక అంతర్జాతీయ సర్వే, 16 నుంచి 65 ఏళ్లవారి సంఖ్యా నైపుణ్యాన్ని సున్నా నుంచి 500 వరకు గల కొలబద్ద మీద కొలుస్తుంది. మన దేశం అందులో లేదు. ఉన్నా, ఒక్క మార్కు చూసి మనిషిని తూచడం నాకు సమ్మతం కాదు. ఏ రూపంలో అడిగితే వచ్చింది, ఏ రూపంలో అడిగితే రాలేదు అనే వివరమే బోధించేవారికి పనికొస్తుంది.

నాకు అన్నిటికన్నా బెంగ కలిగించేది అప్పు లెక్క. అసర్ 2023లో కనీసం తీసివేత వచ్చినవారికే డబ్బు లెక్కలు ఇచ్చారు. అయినా అప్పు తిరిగి ఎంత చెల్లించాలో చెప్పగలిగినవారు దాదాపు పది శాతం మందే. మన పల్లెల్లో వడ్డీకి చక్కని భాష ఉంది. నూటికి రెండు రూపాయలంటే నెలకని, ఏడాదికి ఇరవై నాలుగని చదువురానివారు కూడా చెబుతారు. ఈ రోజుల్లో అప్పు ఆ భాషలో రావడం లేదు. పన్నెండు వేల అప్పు, ఏడాదికి పన్నెండు శాతం ఫ్లాట్ వడ్డీ, నెలకు 1,120 చొప్పున పన్నెండు కంతులు అంటారు. వినడానికి నూటికి రూపాయి వడ్డీలాగే ఉంటుంది. కానీ అసలు సొమ్ము నెలనెలా తరిగిపోతూ, ఆరు కంతులు కట్టేసరికి సుమారు సగమే మిగులుతుంది. వడ్డీ మాత్రం ఏడాది పొడవునా మొత్తం పన్నెండు వేల మీద వేసి ఉంటారు. అసలు తగ్గినకొద్దీ లెక్కిస్తే నూటికి రూపాయి ముప్పావలా దాటి పడుతుంది.

అందుకే, పొదుపు సంఘం సమావేశంలో కూర్చున్న మహిళ సంఖ్యా పరిజ్ఞానం తెలుసుకోవాలంటే శాతాలూ భిన్నాలూ అడగవద్దని నా మనవి. ఆమె చేతికి అప్పు పుస్తకమూ పెన్సిలూ ఇచ్చి, తొందరపెట్టకుండా, “ఆరు కంతులు కట్టారు కదమ్మా, మీ దగ్గర ఇంకా ఎంత అసలు ఉంది, వడ్డీ ఎంత అసలు మీద వేస్తున్నారు?” అని ఆమె మాటల్లోనే అడగాలి. ఆమె చెప్పిన జవాబుతో పాటు, అక్కడికి ఎలా చేరిందో కూడా రాసుకోవాలి.