వారానికి ఒకటి, రోజుకు ఒకటి కాదు: డి విటమిన్ మోతాదు గురించి

సభలోని పెద్దలకు నమస్కారం.

విటమిన్ అంటే ఆహారం లాంటిదేనని, ఎక్కువైతే మూత్రంలో పోతుందని మనకొక ధీమా. సి విటమిన్‌ విషయంలో ఆ మాట చాలావరకు నిజమే గాని, కొవ్వులో కరిగే డి విటమిన్ అలా పోయేది కాదు. అది ఒంట్లోని కొవ్వులో నిల్వ ఉండి, మాత్ర మానేసిన తరువాత కూడా వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ప్రభావం చూపుతూనే ఉంటుంది.

కొన్నేళ్ల కిందట ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలిని ఆమె కుమారుడు నా దగ్గరకు తీసుకొచ్చారు. అన్నం చూస్తే వాంతి, వారం రోజులుగా మలబద్ధకం, తీరని దాహం, రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం. పైగా మనవడి పేరు కూడా తడబడుతున్నారు. షుగరేమోనని రెండుసార్లు పరీక్ష చేయించారట, అది మామూలుగానే ఉంది. రక్తంలో కాల్షియం మాత్రం డెసిలీటరుకు 14 మిల్లీగ్రాములు దాటింది. ఉండవలసింది సుమారు 8.5 నుంచి 10.5 వరకు. మందుల సంచి తెమ్మంటే, అందులోంచి 60,000 యూనిట్ల డి విటమిన్ ఖాళీ స్ట్రిప్పులు గుత్తిగా బయటపడ్డాయి. "ఎముకల బలానికండీ, రోజూ రాత్రి పాలతో ఒకటి వేసుకుంటున్నాను" అన్నారావిడ. వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలకని రాసిన మందును, ఖాళీ స్ట్రిప్పు చూపించి కొనుక్కుంటూ మూడు నెలలు రోజూ మింగారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం వయోజనులకు రోజుకు 600 యూనిట్లు చాలు, 4,000 దాటకూడదు. అంటే ఆ ఒక్క గోలీలో నూరు రోజుల సరుకుంది. లోపం తేలినవారికి వారానికొకటి ఇవ్వడంలో తప్పేమీ లేదు, మేమూ రాస్తాం.

డి విటమిన్ ఎక్కువైతే పేగులు ఆహారంలోని కాల్షియాన్ని అతిగా పీల్చుకుంటాయి, ఎముకల నుంచి కూడా కాల్షియం రక్తంలోకి దిగుతుంది. ఎముకల కోసం మింగినది ఎముకలనే కరిగిస్తుందన్నమాట. ఆ కాల్షియం చివరకు మూత్రపిండాల్లో పేరుకుని రాళ్లుగా మారవచ్చు, కిడ్నీలే దెబ్బతినవచ్చు. గుండె లయ కూడా తప్పవచ్చు. ఎండలో ఎంతసేపు నిలబడినా ఈ ప్రమాదం రాదు, ఎందుకంటే అవసరానికి మించి తయారైనదాన్ని చర్మమే పనికిరాని పదార్థాలుగా మార్చేస్తుంది. నోటి ద్వారా, సూది ద్వారా వెళ్లేదానికి అలాంటి కాపలా లేదు. మోకాళ్ల నొప్పికని ఒకచోట 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్, ఇంకోచోట గోలీలు, వీటికి తోడు డి విటమిన్ కలిసిన కాల్షియం మాత్రలు వాడుతూ, ఒకరి దగ్గర రాయించుకున్నది మరొకరికి చెప్పనివారిని తరచూ చూస్తుంటాను.

ఆ ఉపాధ్యాయురాలికి గోలీలు ఆపి, సెలైన్‌తో, మందులతో కాల్షియం తగ్గించాం. మనిషి వారంలో తేరుకున్నా, రక్తంలో డి విటమిన్ మామూలు స్థాయికి రావడానికి నెలలు పట్టింది. తప్పు ఆవిడది మాత్రమే అని నేననను. చీటీ మీద 'వారానికి' అన్నది ఇంగ్లీషులో, అదీ వైద్యుల దస్తూరీలో ఉంది. అప్పటినుంచి నేను ఆ మందు రాసినప్పుడల్లా పక్కన తెలుగులో 'ఆదివారం మాత్రమే, ఎనిమిది ఆదివారాలు' అని రాసి, రోగి చేత ఒకసారి పైకి చదివిస్తున్నాను.