పిల్లల్ని ఐస్ హాకీలో చేర్చే ముందు ఒక గంట రింక్ అద్దం దగ్గర నిలబడండి

[దృశ్యం: రింక్ అద్దం వెనక నుంచి. కోన్ల ముందు పిల్లల వరుస.]

నమస్కారం. మనం రింక్ దగ్గర, అంటే ఐస్ మైదానం దగ్గర ఉన్నాం. అద్దం అవతల ఎరుపు హెల్మెట్ పెట్టుకున్న ఆ పాపను చూడండి. ఏడేళ్లుంటాయేమో. వరుసలో ఆరో మనిషి. ముందున్న పిల్లలు ఒక్కొక్కరే పక్‌ని, అంటే ఈ ఆటలో బంతి బదులు వాడే గుండ్రటి రబ్బరు బిళ్లని, కోన్ల మధ్య నుంచి తీసుకెళ్లి వస్తున్నారు. పాప వంతు రావడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆడింది పన్నెండు సెకన్లు. మళ్లీ వెళ్లి వరుస చివర నిలబడింది. గంటంతా ఇలాగే సాగితే ఆ పాప స్కేట్ చేసేది ఐదారు నిమిషాలు. మిగతా సమయమంతా చలిలో నిలబడటమే.

[దృశ్యం: అదే రింక్ రెండో సగం. నాలుగైదు చిన్న గుంపులు, అందరూ కదులుతూ.]

ఇప్పుడు ఇటు చూడండి. అదే ఐస్, అదే గంట. పిల్లల్ని నాలుగైదు గుంపులు చేశారు. ఒక మూల పాస్‌లు, ఇంకో మూల వెనక్కి స్కేట్ చేయడం, బోర్డుల పక్కన, అంటే రింక్ చుట్టూ ఉన్న గోడ దగ్గర, ఇద్దరికి ఇద్దరు చిన్న ఆట. కొన్ని నిమిషాలకోసారి విజిల్ వేస్తే గుంపులు స్థలం మారతాయి. ఎవరూ ఖాళీగా లేరు.

ఫీజు కట్టే ముందు మీరు చూడాల్సిన మొదటి తేడా ఇదే. జెర్సీ ఎంత బాగుంది, లాబీలో ఎన్ని కప్పులున్నాయి అన్నవి తర్వాత చూసుకోవచ్చు. మీ పిల్ల గంటలో ఎంతసేపు కదులుతోంది, పక్ ఎన్నిసార్లు తన స్టిక్‌కి తగులుతోంది? నా దృష్టిలో ప్రోగ్రామ్ విలువ అంతా అక్కడే తెలిసిపోతుంది.

[దృశ్యం: పూర్తి రింక్ బొమ్మ. దాని మీద అడ్డంగా గీతలు.]

ఉత్తర అమెరికాలో పూర్తి రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. అది పెద్దవాళ్ల కొలత. ఆరేళ్ల పిల్లవాడిని అందులో ఆడమనడం, కాళ్లందని పెద్ద సైకిల్ ఇచ్చి తొక్కమనడం లాంటిది. కాస్త వేగం ఉన్న ఇద్దరు పక్ తీసుకుని వెళ్లిపోతారు, మిగతా ఎనిమిది మంది వాళ్ల వెనక పరుగెడతారు. అమెరికాలో ఈ ఆటని నడిపే సంస్థ యూఎస్‌ఏ హాకీ 2009లో అమెరికన్ డెవలప్‌మెంట్ మోడల్ అనే పద్ధతి తెచ్చింది, అందరూ ఏడీఎమ్ అంటారు. ఎనిమిదేళ్లు, అంతకంటే తక్కువ వయసు వాళ్లు, అంటే 8యూ పిల్లలు, ఐస్‌ని అడ్డంగా భాగాలు చేసుకుని ఆడాలని అది చెప్పింది. దీన్నే క్రాస్ ఐస్ అంటారు. పక్ కూడా మారింది. మామూలు నల్ల పక్ 6 ఔన్సులు, దాదాపు 170 గ్రాములు. చిన్న పిల్లలకు నీలం పక్, 4 ఔన్సులు. లేత మణికట్టుకి ఆ తేడా చాలా పెద్దది. నీలం పక్‌ని గాల్లోకి లేపగలిగిన పిల్లవాడు నల్లదాన్ని నేల మీద నెట్టడానికే అవస్థ పడతాడు.

కెనడాలో ఆటని నడిపే హాకీ కెనడా కూడా చిన్న వయసులకు సగం ఐస్, అడ్డం ఐస్ ఆటనే నియమం చేసింది. అయినా కొందరు పేరెంట్స్ "మా వాడు బాగా ఆడతాడు, ఫుల్ ఐస్ ఆడే చోటు ఉందా?" అని అడుగుతుంటారు. దానికి ఒప్పుకుని ఆరేళ్ల పిల్లలకు ఫుల్ ఐస్ గేమ్స్ ఎర వేసే ప్రోగ్రామ్‌కి నేనైతే దూరంగా ఉంటాను. ఆ కోరిక పేరెంట్‌ది. పిల్లవాడికి కావాల్సింది పక్.

[దృశ్యం: బెంచ్ మీద చిన్న పిల్లవాడు. నాన్న మోకాళ్ల మీద కూర్చుని స్కేట్ లేసులు బిగిస్తున్నాడు.]

ఇంకా స్కేటింగే రాని పిల్లలైతే నేరుగా టీమ్‌లో వేయకండి. ముందు లెర్న్ టు స్కేట్, తర్వాత లెర్న్ టు ప్లే. ఉత్తర అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ టీమ్‌లు ఉన్న ఊళ్లలో కొత్త పిల్లల కోసం ఆ టీమ్‌ల పేరు మీదే లెర్న్ టు ప్లే క్లాసులు జరుగుతుంటాయి, చాలాచోట్ల ఫీజులోనే తల నుంచి కాలి దాకా సామాను కూడా ఇస్తారు. పిల్లకి ఆట నచ్చుతుందో లేదో తెలియకముందే సామాను కొనేసే అవసరం తప్పుతుంది.

స్కేట్ల గురించి ఒక్క మాట, ఎందుకంటే మనం చాలామంది ఇక్కడే తప్పు చేస్తాం. పెరిగే వయసు కదా అని బూట్లలాగే ఒక సైజు పెద్దవి కొనేస్తాం. స్కేట్ సైజు సాధారణంగా బూటు సైజు కంటే ఒకటి, ఒకటిన్నర తక్కువే ఉంటుంది. వదులు స్కేట్‌లో మడమ లేస్తుంది, చీలమండ లోపలికి వాలిపోతుంది. పిల్లకి ఐస్ అంటే భయమని మనం అనుకుంటాం, నిజానికి తన కాలు నిలబడటం లేదు. కొత్త స్కేట్లకు మామూలుగా పదును పెట్టి ఉండదు, వేసుకునే ముందు షార్ప్ చేయించాలి. ఈ రెండు విషయాలు మొదటి రోజే పేరెంట్స్‌కి కూర్చోబెట్టి చెప్పే ప్రోగ్రామ్ దొరికితే, అక్కడ కొత్తవాళ్ల గురించి ఆలోచించేవాళ్లు ఉన్నారని అర్థం.

[దృశ్యం: ట్రైఅవుట్ రోజు. జెర్సీల మీద నంబర్లు. పైన స్టాండ్స్‌లో పేరెంట్స్.]

ఇక హౌస్ లీగా, ట్రావెల్ టీమా? హౌస్ లీగ్ అంటే ఒకే రింక్‌లోనో, ఒకే క్లబ్‌లోనో టీమ్‌లు చేసి ఆడించడం. ట్రావెల్ అంటే ట్రైఅవుట్లు, అంటే ఆడించి చూసి పిల్లల్ని ఎంచుకోవడం, వేరే ఊళ్లలో గేమ్స్, హోటళ్లు. అందులో ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మెట్లు. ఆ అక్షరాలు వినగానే మనకు ర్యాంకులు గుర్తొస్తాయి, టెన్షన్ మొదలవుతుంది. తొమ్మిదేళ్ల వయసులో ఆ అక్షరానికి అంత బరువు ఇవ్వకండి. యూఎస్‌ఏ హాకీ 14యూ కంటే చిన్న వయసులకు జాతీయ ఛాంపియన్‌షిప్ పెట్టదు. పన్నెండేళ్ల లోపు గెలుపు కోసం ఆడించడం కంటే నేర్పించడం ముఖ్యమని ఆ సంస్థే నిర్ణయించుకుంది.

ఇంకో విషయం పేరెంట్స్ చాలామందికి తట్టదు. వయసు లెక్క జనవరి 1 నుంచి. జనవరిలో పుట్టిన పాప, అదే ఏడాది డిసెంబరులో పుట్టిన పాప ఒకే గ్రూపులో ఆడతారు. ఏడేళ్లప్పుడు పదకొండు నెలలంటే ఎంత తేడా! ఎత్తులో, బలంలో, చెప్పింది అర్థం చేసుకోవడంలో కూడా. పెద్ద పిల్ల ట్రైఅవుట్‌లో మెరుస్తుంది, మంచి టీమ్‌లో పడుతుంది, ఎక్కువ ఐస్ దొరుకుతుంది, ఇంకా మెరుగవుతుంది. 1980లలో రోజర్ బార్న్‌స్లే అనే కెనడా సైకాలజిస్ట్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలు పరిశీలిస్తే ఎన్‌హెచ్‌ఎల్ దాకా వెళ్లినవాళ్లలోనూ ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా కనిపించారు. మీ పిల్లలు అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో పుట్టినవాళ్లైతే ప్రోగ్రామ్ వాళ్లని ఇది తప్పకుండా అడగండి: "ఈ ఏడాది కింది టీమ్‌లో పడితే సీజన్ మధ్యలో మళ్లీ చూస్తారా? కింది టీమ్‌కి కూడా ఇదే స్థాయి కోచ్ ఉంటాడా?" రెండో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే, మంచి కోచ్‌లందరినీ పై టీమ్‌కే పెట్టారని అనుకోవచ్చు.

[దృశ్యం: ప్లేయర్స్ బెంచ్. చివర కూర్చున్న ఒక పిల్లవాడి గ్లవ్స్ క్లోజప్.]

మా అబ్బాయి విషయంలో నేను కప్పులు చూసి ఒక క్లబ్ ఎంచుకున్నాను. వాడికప్పుడు తొమ్మిదేళ్లు. స్కోరు దగ్గరగా ఉన్న గేమ్‌లో చివరి పది నిమిషాలు వాణ్ని బెంచ్ మీద నుంచి లేపలేదు. స్టిక్‌ని మోకాళ్ల మధ్య పెట్టుకుని, గ్లవ్‌తో దాని టేప్ గీకుతూ కూర్చున్నాడు. టీమ్ గెలిచింది, అందరూ ఎగిరారు, వాడూ ఎగిరాడు. కార్లో మాత్రం ఒక్క మాట లేదు. మూడో గేమ్‌కి వెళ్లే రోజు పొద్దున కడుపునొప్పి అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి నాకు ఇంకో నెల పట్టింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధే. తర్వాతి సీజన్ హౌస్ లీగ్‌లో చేర్పించాం. అక్కడ బజర్ మోగగానే లైన్ మారాలి, అంటే ఐస్ మీద ఉన్నవాళ్లు దిగి తర్వాతి గుంపు ఎక్కాలి, ఎవరి బిడ్డైనా సరే. కడుపునొప్పి మళ్లీ రాలేదు.

అందుకే ఐస్ టైమ్ అందరికీ సమానమేనా, ఏ వయసు దాకా సమానం, అని ముందే అడగండి. రాతలో ఉంటే ఇంకా మంచిది. గోలీ సంగతీ అంతే. చిన్న వయసులో అందరూ వంతుల వారీగా గోల్‌లో నిలబడాలి, ఒక్క పిల్లని శాశ్వతంగా అక్కడ పెట్టేయకూడదు.

[దృశ్యం: హెల్మెట్ వెనక స్టిక్కర్. మెడ చుట్టూ గార్డ్.]

దెబ్బల భయం లేని తల్లిదండ్రులు ఉండరు. ఢీకొట్టి పక్ లాక్కోవడాన్ని, అంటే బాడీ చెకింగ్‌ని, అమెరికాలో 2011–12 సీజన్ నుంచి 12యూ, అంతకంటే చిన్న వయసులకు ఆపేశారు. కెనడాలో 2013లో ఆ వయసుకి ఆపారు. దీని వెనక ఒక గట్టి కారణం ఉంది. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు చెకింగ్ ఉన్న ఆల్బర్టాని, లేని క్యూబెక్‌ని, రెండూ కెనడా రాష్ట్రాలే, పోల్చి 2010లో ఒక అధ్యయనం వచ్చింది. చెకింగ్ ఉన్నచోట గేమ్స్‌లో తలకు దెబ్బ తగిలి కంకషన్ అయ్యే, అంటే మెదడు అదిరే ప్రమాదం మూడు రెట్ల కంటే ఎక్కువని తేలింది. పదమూడేళ్లు దాటాక కూడా చెకింగ్ లేని లీగ్‌లు చాలా ఉన్నాయి, అమ్మాయిల విభాగంలో అసలు ఉండదు. కాబట్టి చెకింగ్ వద్దనుకుంటే ఆట మానాల్సిన పని లేదు, లీగ్ చూసుకుంటే చాలు.

2024 ఆగస్టు 1 నుంచి యూఎస్‌ఏ హాకీ పిల్లలందరికీ మెడ గార్డ్ తప్పనిసరి చేసింది. మీరు చూడటానికి వెళ్లిన ప్రాక్టీస్‌లో సగం మంది మెడలు ఖాళీగా ఉంటే, మిగతా నియమాలు ఎలా పాటిస్తున్నారో ఊహించుకోండి. హెల్మెట్ మీద హెచ్‌ఈసీసీ అనే భద్రతా ధ్రువీకరణ స్టిక్కర్ ఉంటుంది, దాని మీద గడువు తేదీ ఉంటుంది. స్కేట్లు, ప్యాంట్లు పాతవి కొన్నా ఫర్వాలేదు, హెల్మెట్ మాత్రం ఆ తేదీ చూడకుండా తీసుకోకండి.

తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే ఏం చేస్తారని కోచ్‌ని అడగండి. "వెంటనే ఐస్ మీద నుంచి దించేస్తాం, డాక్టర్ రాసిచ్చాకే మళ్లీ ఆడిస్తాం" అనే జవాబు తడుముకోకుండా రావాలి. లాకర్ రూమ్‌లో ఎవరుంటారన్నది కూడా అంతే ముఖ్యం. పిల్లలు బట్టలు మార్చుకునేచోట బ్యాక్‌గ్రౌండ్ చెక్, పిల్లలపై వేధింపుల్ని అడ్డుకోవడం నేర్పే సేఫ్‌స్పోర్ట్ శిక్షణ పూర్తయిన పెద్దవాళ్లు కాపలా ఉండాలి, ఫోన్ కెమెరాలు బయటికి తీయకూడదు. అడగడానికి మొహమాటపడకండి. మంచి ప్రోగ్రామ్ వాళ్లు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

[దృశ్యం: వంటింటి బల్ల మీద క్యాలెండర్, కాగితాలు.]

డబ్బు సంగతి క్లుప్తంగా. వెబ్‌సైట్‌లో రాసిన ఫీజు మొత్తం ఖర్చు కాదు. టోర్నమెంట్లు, జెర్సీ, రిఫరీల డబ్బు, హోటళ్లు, వాలంటీర్ పని చేయకపోతే పోయే డిపాజిట్, ఏవి అందులో ఉన్నాయి, ఏవి లేవు అని ఈమెయిల్‌లో అడగండి. పిల్లకి దెబ్బ తగిలి మధ్యలో ఆపేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా అనేది కూడా. వారానికి ఎన్ని ప్రాక్టీసులు, ఎన్ని గేమ్స్? ఒక గేమ్‌కి మూడు ప్రాక్టీసులు అన్నది మంచి లెక్క. గేమ్స్ ఎక్కువ, ప్రాక్టీసులు తక్కువ ఉన్న షెడ్యూల్ చూడ్డానికి ఉత్సాహంగా ఉంటుంది కానీ పిల్ల నేర్చుకునేది తక్కువ. పొద్దున ఆరుకి ఐస్ అంటే ఐదింటికి ఎవరు లేస్తారో కూడా ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

[దృశ్యం: మళ్లీ రింక్ అద్దం. ప్రాక్టీస్ చివరి నిమిషాలు.]

ప్రాక్టీస్ చూడటానికి వెళ్లినప్పుడు బాగా ఆడే పిల్లల్ని చూడకండి, వాళ్లకి ఎక్కడైనా బాగానే ఉంటుంది. అందరికంటే వెనకబడ్డ పిల్లని వెతికి పట్టుకోండి. ఆ పిల్ల పడిపోతే ఎవరు దగ్గరికి వెళ్తారు? కోచ్ పేరు పెట్టి పిలుస్తాడా, నంబరుతోనా? మోకాలి మీద వంగి కళ్లలోకి చూసి మాట్లాడతాడా, అవతలి గీత దగ్గర నుంచి అరుస్తాడా? రేపు మీ పిల్ల ఆ స్థానంలో ఉండొచ్చు.

మొదట్లో వచ్చి పది నిమిషాలు చూసి వెళ్లిపోకండి. చివరి పదిహేను నిమిషాలు ఉండండి. అప్పటికి పిల్లలు అలసిపోయి ఉంటారు, కోచ్ కూడా అలసిపోయి ఉంటాడు, మాటతీరు ఉన్నదున్నట్టు బయటపడుతుంది. రింక్ స్టాండ్స్‌లో ఎండాకాలం కూడా చలే, మందపాటి జాకెట్ వెంట తీసుకెళ్లండి.