నీళ్లలో మునిగిన దిబ్బ ఒడ్డును ఆపగలదా?

పుదుచ్చేరి వెళ్లినవాళ్లు గాంధీ విగ్రహం దగ్గర బీచ్ రోడ్డు పొడవునా పోసిన నల్లరాళ్లు చూసే ఉంటారు. చాలా ఏళ్లు అక్కడ బీచ్ రోడ్డు ఉంది గానీ బీచే లేదు! 1980ల చివర్లో ఊరికి దక్షిణాన హార్బర్ కోసం బ్రేక్‌వాటర్ గోడలు, అంటే అలల్ని అడ్డుకునేలా సముద్రంలోకి పొడుచుకొచ్చే గోడలు కట్టారు. ఒడ్డు వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుక నడుస్తుంటుంది, దాన్ని ఆ గోడలు ఆపేశాయి. కొత్త ఇసుక రాదు, అలలేమో ఉన్నది ఊడ్చుకుపోతూనే ఉంటాయి. రాళ్లు పోశాక రోడ్డయితే మిగిలింది, కానీ రాళ్లకు కొట్టుకుని వెనక్కి మళ్లే అల కింద మిగిలిన కాస్త ఇసుకనూ తవ్వేస్తుంది, పైగా కోత ఉత్తరాన ఉన్న మత్స్యకారుల పల్లెల మీద పడింది.

2018లో చెన్నైలోని ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్లు ఒడ్డుకు కాస్త దూరంలో త్రికోణాకారపు ఉక్కు రీఫ్‌ను, అంటే నీళ్లలో మునిగి ఉండే కృత్రిమ దిబ్బను దించారు.

(స్క్రీన్ మీద: పక్కనుంచి చూసిన అల బొమ్మ)

లోతు తగ్గుతూ అల ఎత్తుకు దగ్గరగా వచ్చేసరికి అల కింది భాగం నెమ్మదిస్తుంది, పైభాగం ముందుకు తూలి విరిగిపోతుంది. రీఫ్ చేసేదల్లా ఆ విరగడమేదో ఒడ్డుకు రాకముందే జరిగేలా చూడటం. దాని వెనక నీళ్లు నెమ్మదిస్తే ఇసుక అడుక్కి దిగుతుంది. బీచ్ తిరిగొచ్చింది నిజమే, కానీ హార్బర్ ముఖద్వారంలో తవ్విన ఇసుకను తెచ్చి పోశారని కూడా చెప్పాలి కదా, మెచ్చుకోలంతా రీఫ్‌కే ఇచ్చేస్తే ఎలా?

ఆస్ట్రేలియా గోల్డ్ కోస్ట్‌లో నారోనెక్ రీఫ్‌ను ఇసుక నింపిన భారీ సంచులతో కట్టారు. అక్కడా బీచ్‌కు ఇసుక పోశారు, తర్వాత రీఫ్‌కు మరమ్మతులూ చేశారు.

అన్నట్టు, మన ఏపీ తీరంలో చేపల కోసం దించే కాంక్రీటు రీఫ్‌లు వేరు. అవి లోతు నీళ్లలో అడుగునే ఉంటాయి, అలల్ని ఆపవు.

మరి మన కాకినాడ దగ్గరి ఉప్పాడకు రీఫ్ పనికొస్తుందా? అక్కడ వేసిన జియోట్యూబుల (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల) గోడ దెబ్బతింది, తుఫాను వస్తే చాలు కాకినాడ రోడ్డు కోసుకుపోతుందని టెన్షన్. రీఫ్ బలహీనత కూడా సరిగ్గా అక్కడే: తుఫానుకు నీటిమట్టం పెరిగితే రీఫ్ మీద లోతూ పెరుగుతుంది, పెద్ద అలలు అంతగా విరక్కుండానే దాటొచ్చేస్తాయి. మామూలు రోజుల కోతను తగ్గించవచ్చు, అది కూడా ఇసుక అందుతుంటేనే. విశాఖ ఆర్కే బీచ్‌కు పోర్టు డ్రెడ్జింగ్‌లో తవ్వి తీసిన ఇసుక పోస్తూ వస్తున్నారు చూడండి, రీఫ్ వేసినా వేయకపోయినా ఉప్పాడకు అలాంటి ఏర్పాటు ఒకటి కావాలని నా అభిప్రాయం.