టీమ్ ఓడితే తప్పు కోచ్‌దేనా? సీజన్ మధ్యలో ఎలా చెప్పగలం?

[స్క్రీన్ మీద పెద్ద అంకెలు: 30 – 13]

43 మ్యాచ్‌లు ఆడి 30 గెలిచిన టీమ్ ఇది. మిల్వాకీ బక్స్, 2023-24 సీజన్. కోచ్ ఏడ్రియన్ గ్రిఫిన్. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో హెడ్ కోచ్‌గా ఆయనకి అదే మొదటి సీజన్. ఈ రికార్డు చూస్తే జీతం పెంచి ఉంటారని అనుకుంటాం. 2024 జనవరిలో ఆయన్ని తీసేశారు.

నమస్కారం అండీ. శ్రీకాకుళంలో కూర్చుని ఎన్‌బీఏ చూసేవాళ్ళకి ఒక ఇబ్బంది ఉంది. న్యూయార్క్‌లో రాత్రి ఏడున్నరకి మొదలయ్యే మ్యాచ్ చలికాలంలో మనకి పొద్దున్న ఆరింటికి వస్తుంది. లాస్ ఏంజెలెస్ మ్యాచ్ అయితే తొమ్మిదింటికి. మొదటిదానికి నిద్ర అడ్డు, రెండోదానికి కాలేజో ఆఫీసో అడ్డు. దాంతో చాలామంది మ్యాచ్ వదిలేసి స్కోరు చూసుకుంటారు. సాయంత్రం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతూ తీర్పు మాత్రం ఇచ్చేస్తారు.

"ఏటిరా ఆ కోచ్, బుర్రుందా అసలు? ముందు తీసిపారెయ్యాల."

"అదేటి మాస్టారూ, ఆడేవోళ్ళు ఆడకపోతే ఆయనేటి చేస్తాడు?"

ఇద్దరూ చూసింది ఫోన్‌లో అదే ఒక్క లైను. ఆ లైను దాటి ఏం చూడాలో ఈ వీడియోలో మాట్లాడుకుందాం.

[గ్రాఫ్: బక్స్ డిఫెన్స్ ర్యాంక్, రెండు సీజన్లు]

ముందు బక్స్ సంగతి తేల్చేద్దాం. అంతకుముందు సీజన్‌లో వాళ్ళ డిఫెన్స్ లీగ్‌లో పై వరసలో ఉండేది. గ్రిఫిన్ వచ్చాక 20వ స్థానం కిందకి జారిపోయింది. ఈ ర్యాంక్ దేన్ని బట్టి ఇస్తారంటే, ప్రత్యర్థి చేతికి బంతి 100 సార్లు వస్తే ఎన్ని పాయింట్లు కొట్టారు అన్నదాన్ని బట్టి. దీన్ని డిఫెన్సివ్ రేటింగ్ అంటారు. వేగంగా ఆడే టీమ్ మ్యాచ్‌లో పాయింట్లు ఎటూ ఎక్కువ పడతాయి, నెమ్మదిగా ఆడే టీమ్ మ్యాచ్‌లో తక్కువ పడతాయి. అందుకే రెంటికీ వంద మీద లెక్క. గెలుపులు వస్తూనే ఉన్నాయి, కానీ ఈ అంకె పాడైపోతోంది. యజమానులకి కంగారు పుట్టింది అక్కడే.

మరి తప్పు గ్రిఫిన్‌దేనా? సీజన్ మొదలవకముందే మేనేజ్‌మెంట్ జ్రూ హాలిడేని వదులుకుని డేమియన్ లిల్లార్డ్‌ని తెచ్చుకుంది. హాలిడే లీగ్‌లోనే పేరున్న డిఫెండర్. లిల్లార్డ్ బలం పాయింట్లు కొట్టడంలో. డిఫెన్స్ కొంత దెబ్బతింటుందని ట్రేడ్ జరిగిన రోజే అందరికీ తెలుసు. కాబట్టి జారిన మెట్లలో కొన్ని కోచ్ ఖాతాలోకి వెళ్తాయి, కొన్ని ఆ ట్రేడ్ చేసినవాళ్ళ ఖాతాలోకి. ఎన్ని ఎవరివి అన్నది తేల్చడం కష్టం. తర్వాత వచ్చిన డాక్ రివర్స్ తను నడిపిన 36 మ్యాచ్‌లలో 17 గెలిచి 19 ఓడాడు. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే ఇండియానా పేసర్స్ చేతిలో కథ ముగిసింది. "చూశారా, గ్రిఫిన్నే ఉంచాల్సింది" అనడానికీ వీల్లేదు. ఆ సిరీస్‌లో బక్స్ స్టార్ యానిస్ ఆంటెటోకుంపో గాయంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

అందుకే నా పద్ధతి వేరు. ఫలితాన్ని కాసేపు పక్కన పెట్టి, కోచ్ చేతిలో నిజంగా ఉన్నవేంటో వాటినే చూస్తాను. ఎవర్ని ఎప్పుడు దింపుతాడు, ఎవర్ని ఎవరితో కలిపి ఆడిస్తాడు, డిఫెన్స్ ప్లాన్ ఏంటి, అది పనిచేయకపోతే ఎంతసేపటికి మారుస్తాడు. ఆటగాళ్ళని కొనేది ఆయన కాదు. గాయాలు ఆయన చేతిలో లేవు. షెడ్యూల్ అసలే లేదు.

[కోర్టు బొమ్మ, పైన గడియారం: రెండో క్వార్టర్, 12:00]

మ్యాచ్ మొత్తం చూసే తీరిక లేదనుకోండి. మ్యాచ్‌లో ఉండే నాలుగు క్వార్టర్లలో రెండోదాని మొదటి నాలుగైదు నిమిషాలు చూడండి చాలు. చాలా టీమ్‌లలో స్టార్ ఆటగాడు అప్పుడు బెంచ్ మీద ఉంటాడు. స్టార్ కోర్టులో ఉంటే కోచ్ పని సగం తగ్గుతుంది, బంతి అతనికిచ్చి తప్పుకోవచ్చు. అతను లేనప్పుడే కోచ్ కనిపిస్తాడు. అయిదుగురు బెంచ్ ఆటగాళ్ళని ఒకేసారి దింపేశాడా, లేక రెండో స్టార్‌ని వాళ్ళతో ఉంచాడా? ఇద్దరు స్టార్లు ఉన్న టీమ్‌లో ఒకరి విశ్రాంతికీ ఇంకొకరి విశ్రాంతికీ మధ్య ఎడం ఉంచడం పెద్ద విద్యేం కాదు. అయినా కొందరు కోచ్‌లు డిసెంబర్ దాకా కూడా ఆ పని చేయరు. అక్కడ పది పాయింట్ల ఆధిక్యం కరిగిపోయి, చివరి నిమిషంలో ఒక షాట్ తప్పి ఓడిపోతే, మనవాళ్ళు తిట్టేది చివరి నిమిషంలో వేసిన ప్లేని, అంటే కోచ్ గీసిచ్చిన ఎత్తుగడని.

ఆ చివరి ప్లే గురించి ఒక మాట. ఒక మ్యాచ్‌లో ఒక్కో టీమ్ చేతికి బంతి దాదాపు 100 సార్లు వస్తుంది. అందులో ఒక్కటి పట్టుకుని కోచ్‌కి మార్కులు వేయడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. టైమౌట్ తర్వాత గీసిచ్చే ప్లేలు సీజన్ పొడుగునా ఎలా పడుతున్నాయో చూడాలి, అది మంచి కొలత.

[రెండు డిఫెన్స్ పద్ధతుల యానిమేషన్]

ఇప్పుడు డిఫెన్స్. పిక్ అండ్ రోల్‌లో బంతి ఉన్నవాడికి తోటి ఆటగాడు అడ్డం నిలబడి దారి చేస్తాడు. అప్పుడు మన పొడుగు ఆటగాడు ఏం చేయాలి? బాస్కెట్ దగ్గరికి వెనక్కి తగ్గి కాచుకుంటే దాన్ని డ్రాప్ అంటారు. ఇద్దరు డిఫెండర్లూ మనుషుల్ని మార్చేసుకుంటే స్విచ్. డ్రాప్‌లో లేఅప్, అంటే బాస్కెట్ దగ్గరికొచ్చి వేసే సులువు షాట్, దొరకదు, బయట నుంచి కొట్టే షాట్‌కి మాత్రం ఖాళీ దొరుకుతుంది. షూటింగ్ సరిగా రానివాడి మీద డ్రాప్ వేస్తే తెలివి. డ్రిబుల్ చేస్తూనే ఆగి త్రీ, అంటే దూరం నుంచి మూడు పాయింట్ల షాట్, కొట్టేవాడి మీద అదే వేస్తే, వాడు మొదటి క్వార్టర్‌లోనే నాలుగు కొడతాడు. మూడో క్వార్టర్‌లో కూడా కోచ్ అలాగే ఉంటే తిట్టండి, నేనూ తిడతాను.

కానీ ఇంకో రకం ఉంది. త్రీలు 30 శాతమే పడేవాణ్ణి కావాలనే ఖాళీగా వదిలేశారు. వాడు కొట్టే ప్రతి త్రీకి సగటున 0.9 పాయింట్లు వస్తాయి. అదే బాస్కెట్ కింద 65 శాతం పడే లేఅప్ ఇస్తే 1.3 పాయింట్లు. కాబట్టి వదిలేయడమే సరైన లెక్క. ఆ రోజు వాడు ఆరు త్రీలు వేసి అయిదు కొట్టాడు, టీమ్ ఓడింది. "అంత ఖాళీగా ఎలా వదిలేస్తార్రా" అని గోల. ఇక్కడ కోచ్ తప్పేం లేదు. ఇప్పుడు ఒక టీమ్ మ్యాచ్‌కి దాదాపు 37 త్రీలు వేస్తోంది, 36 శాతం పడతాయి, అంటే 13. ఏదో ఒక రోజు 17 పడతాయి. 12 పాయింట్ల తేడా అక్కడే వచ్చేసింది. నాలుగు మ్యాచ్‌లు వరసగా ఓడితే, ప్రత్యర్థులు ఆ నాలుగింటిలో త్రీలు ఎంత శాతం కొట్టారో చూడకుండా టెన్షన్ పడకండి.

[పాత ఫోటో: 2000 సిడ్నీ ఒలింపిక్స్, వెయిట్‌లిఫ్టింగ్ వేదిక]

నిర్ణయం వేరు, ఫలితం వేరు అనే మాట మన జిల్లావాళ్ళకి ఇంకోలా చెప్పాలి. 2000లో సిడ్నీలో ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తింది. మొత్తం 240. మొదటి రెండు స్థానాల్లో నిలిచిన ఇద్దరివీ 242.5. ఆఖరి ప్రయత్నానికి బార్ మీద 137.5 కిలోలు పెట్టించారు. లేస్తే 247.5తో బంగారం. లేవలేదు, కాంస్యం వచ్చింది. 132.5 పెట్టించి, అది లేచి ఉంటే మొత్తం ఆ ఇద్దరితో సమానం అయ్యేది. ఆ 7.5 కిలోల దూకుడు సరైనదేనా అని మన వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదన సరిగా చేయాలంటే బార్ పైకి లేచిందా లేదా అన్నది మర్చిపోయి, అది పెట్టించే క్షణానికి వాళ్ళకి ఏం తెలుసో దాని మీదే మాట్లాడాలి. లేచి ఉంటే అదే నిర్ణయాన్ని మనం సాహసం అని పొగిడేవాళ్ళం. కోచ్‌ని చూసేటప్పుడూ అంతే.

2016 క్లీవ్‌లాండ్ దగ్గరికి రండి. జనవరిలో ఆ టీమ్ కోచ్ డేవిడ్ బ్లాట్‌ని తీసేశారు. రికార్డు 30-11, లీగ్‌లో సగం టీమ్‌లుండే ఈస్ట్ విభాగంలో మొదటి స్థానం. అసిస్టెంట్ టైరాన్ లూకి టీమ్ అప్పజెప్పారు. జూన్‌లో కప్పు కొట్టారు, అదీ 73-9 రికార్డున్న గోల్డెన్ స్టేట్ మీద, 1-3 వెనకబాటు నుంచి లేచి. అందరూ ఆ నిర్ణయాన్ని మెచ్చుకున్నారు. ఏడో మ్యాచ్‌లో ఒక నిమిషం మిగిలి ఉండగా స్కోరు 89-89. కైరీ ఇర్వింగ్ త్రీ కొట్టాడు. అది రిమ్‌కి తగిలి బయటికి వచ్చి ఉంటే, జనవరి నాటి నిర్ణయం గురించి ఇవాళ ఎలా మాట్లాడేవాళ్ళం?

[స్క్రీన్ మీద: 11 – 30, కింద 30 – 11]

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ఇది. మయామీ హీట్, 2016-17. మొదటి సగం 11 గెలుపులు, 30 ఓటములు. రెండో సగం 30 గెలుపులు, 11 ఓటములు. కోచ్ ఒక్కడే, ఎరిక్ స్పోల్‌స్ట్రా. అప్పటికే రెండు టైటిళ్ళు గెలిచినవాడు. మధ్యలో పెద్ద ట్రేడ్ కూడా ఏమీ జరగలేదు. గాయపడినవాళ్ళు తిరిగొచ్చారు, వరసగా 13 గెలిచారు. జనవరి మధ్యలో ఆపి అడిగితే ఆయన పనికిరానివాడు, ఏప్రిల్‌లో అడిగితే మేధావి. చివరికి 41-41. చికాగోది కూడా అదే రికార్డు, టై బ్రేక్‌లో వాళ్ళు ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు.

దీనికి తోడు అసిస్టెంట్ కోచ్ ల్యూక్ వాల్టన్ సంగతి చూడండి, టీమ్ మారితే అదే మనిషి రికార్డు ఎలా మారిందో. 2015-16లో హెడ్ కోచ్ స్టీవ్ కెర్ వెన్ను ఆపరేషన్ వల్ల దూరంగా ఉంటే, తాత్కాలికంగా గోల్డెన్ స్టేట్‌ని నడిపి 39 గెలిచి 4 ఓడాడు. నియమం ప్రకారం ఆ గెలుపులన్నీ కెర్ పేరు మీదే రాశారు. తర్వాత లేకర్స్ టీమ్‌కి హెడ్ కోచ్‌గా వెళ్ళి మూడు సీజన్లలో 98 గెలిచి 148 ఓడాడు.

అయితే అభిమానులు ఎప్పుడూ తప్పే అనడం కూడా అన్యాయం. న్యూయార్క్ నిక్స్ కోచ్ టామ్ థిబొడో మొదటి అయిదుగుర్ని అరగదీస్తాడని వాళ్ళ అభిమానులు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. 2024-25లో జోష్ హార్ట్, మికాల్ బ్రిడ్జెస్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువసేపు ఆడినవాళ్ళ వరసలో ఉన్నారు. ఇది అదృష్టం కాదు, గాయం కాదు, పూర్తిగా కోచ్ ఎంపిక. టీవీ ముందు కూర్చున్న ఎవరైనా లెక్కపెట్టుకోగలిగింది. నిక్స్ ఆ ఏడాది 25 ఏళ్ళ తర్వాత ఈస్ట్ ఫైనల్స్‌కి చేరారు, ఆరు మ్యాచ్‌లలో ఓడారు, జూన్‌లో థిబొడోని పంపేశారు. అంత దూరం తీసుకెళ్ళినవాణ్ణి తీసేయడం నాకు నచ్చలేదు. కానీ నిమిషాల గురించి అభిమానులు అన్నదాంట్లో తప్పేమీ లేదు.

[డెన్వర్ స్టేడియం దృశ్యం, మాటలు నెమ్మదిగా]

ఇక మనకి అస్సలు కనిపించని భాగం. 2025 ఏప్రిల్ 8న డెన్వర్ నగ్గెట్స్ కోచ్ మైకేల్ మలోన్‌ని తీసేసింది. రికార్డు 47-32. సీజన్‌లో మిగిలింది మూడే మ్యాచ్‌లు. అంతకు రెండేళ్ళ ముందు ఆ టీమ్‌కి మొదటి ఎన్‌బీఏ టైటిల్ తెచ్చింది ఈయనే. నాలుగు మ్యాచ్‌లు వరసగా ఓడారు, నిజమే, కానీ దానికే అంత పని చేస్తారా అని అందరం బిత్తరపోయాం. అదే రోజు, ఆటగాళ్ళని ఎంచి తెచ్చే జనరల్ మేనేజర్ కాల్విన్ బూత్‌ని కూడా పంపేశారు. ఇద్దరికీ పడటం లేదని, ఆ గొడవ టీమ్‌ని తినేస్తోందని అమెరికా పత్రికలు రాశాయి. ఇలాంటిది బాక్స్ స్కోర్‌లో, అంటే మ్యాచ్ అంకెల పట్టికలో, వెతికినా దొరకదు, రెండో క్వార్టర్ చూసినా దొరకదు. అసిస్టెంట్ డేవిడ్ అడెల్మన్ మిగిలిన మూడూ గెలిచాడు. మొదటి రౌండ్‌లో క్లిప్పర్స్‌ని ఏడు మ్యాచ్‌లలో ఓడించాడు. రెండో రౌండ్‌లో, ఆ ఏడాది ఛాంపియన్‌గా నిలిచిన ఓక్లహోమా సిటీని కూడా ఏడో మ్యాచ్ దాకా లాగాడు.

మలోన్ ఉండి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. వచ్చే వీడియో జనరల్ మేనేజర్ల మీదే: ట్రేడ్లు, డ్రాఫ్ట్, శాలరీ క్యాప్. ఉంటానండీ.