సాయంత్రం విచ్చుకునే బీరపువ్వు

శ్రోతలకు నమస్కారం.

గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. బీరపువ్వు మాత్రం ఎండ తగ్గాక, సాయంత్రం వేళ మెల్లగా రేకులు విప్పుతుంది. పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తూ బతుకుతున్న నాకు ఈ సంగతి తెలియడానికి అందులో పద్నాలుగేళ్లు గడిచిపోయాయి. హైదరాబాదులో బీరపువ్వు విచ్చుకునే వేళకు న్యూయార్కులో ఆఫీసులు తెరుస్తారు. అక్కడి ఉదయం ఎనిమిదిన్నర మనకు వేసవిలో సాయంత్రం ఆరు గంటలు. వాళ్లు గడియారాన్ని వెనక్కి తిప్పుకునే నవంబరు నుంచి మార్చి దాకా ఏడు గంటలు. అక్కడివాళ్లతో మా మీటింగులు చాలావరకు ఆ వేళకే ఉంటాయి.

ప్రోగ్రాము రాయడమంటే కుర్చీలో కూర్చుని టైపు చేయడమేనని బయటివారికి అనిపించవచ్చు. నిజానికి టైపు చేసేది కొంతే, మనసులో మోసేది ఎక్కువ. ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు డబ్బు పంపే చిన్న పనినే తీసుకున్నా, మధ్యలో నెట్‌వర్క్ తెగిపోతే ఏమవుతుంది, కంగారులో ఎవరైనా బటన్ రెండుసార్లు నొక్కితే ఏమవుతుంది, డబ్బు ఇక్కడ తగ్గి అక్కడ చేరకపోతే ఎలా సరిదిద్దాలి అన్నవన్నీ ఒకేసారి తలలో నిలుపుకోవాలి. ఆ బరువు ఆఫీసు గేటు దగ్గర దిగిపోదు. అన్నం కలుపుకుంటున్నా, పిల్లల హోంవర్క్ చూస్తున్నా లోపల అది నడుస్తూనే ఉంటుంది.

నాలుగేళ్ల కిందట నేను రాసిన ఒక ప్రోగ్రాములో అప్పుడప్పుడు ఒకే బిల్లు రెండుసార్లు నమోదయ్యేది. రెండు రాత్రులు స్క్రీనుకు కళ్లప్పగించి కూర్చున్నా కారణం దొరకలేదు. మూడోనాడు సాయంత్రం మా అమ్మ, కుండీలోని బీరతీగ నేలమీద పాకిపోతోందని, మిద్దెమీదికి వచ్చి పందిరికి తాళ్లు కట్టమని పట్టుబట్టింది. నాకప్పుడు బీర మీద ప్రేమ ఏమీ లేదు. అమ్మ మాట తీసేయలేక వెళ్లాను. నాలుగో తాడు ముడివేస్తుండగా సంగతి తట్టింది. అవతలి నుంచి జవాబు ఆలస్యమైతే అదే బిల్లును మళ్లీ పంపే ఏర్పాటు నేనే చేశాను. కానీ పంపిన ప్రతిసారీ దానికి కొత్త నంబరు వేస్తున్నాను. నంబరు కొత్తది కాబట్టి అవతలివైపు దాన్ని కొత్త బిల్లుగానే లెక్కకట్టుకుంటోంది. తప్పు పూర్తిగా నాదే.

ఇలా తట్టడం కొత్త విషయమేమీ కాదు. ఫ్రెంచి గణితవేత్త ఆన్రీ పోయంకారే 1908లో చేసిన ఒక ఉపన్యాసంలో, తాను భూగర్భశాస్త్ర యాత్రకు వెళ్తూ లెక్కల సంగతే మరచిపోయి ఉండగా, కూతాన్స్ అనే ఊరిలో బండి మెట్టుమీద కాలు పెట్టిన క్షణాన లెక్కలకు సంబంధించిన భావం ఒకటి హఠాత్తుగా స్ఫురించిందని చెప్పాడు. ఈ కథను విశ్రాంతి గొప్పతనానికి ఉదాహరణగా చెప్పేవాళ్లు అందులో సగం వదిలేస్తారు. ముందు మనసుపెట్టి కష్టపడితేనే అలాంటి స్ఫురణ వస్తుందని కూడా ఆయన అదే ఉపన్యాసంలో అన్నాడు. ముందు ఆ రెండు రాత్రులు కూర్చోకపోతే నాకు నాలుగో ముడి దగ్గర ఏదీ తట్టేది కాదు.

అయినా బగ్గులు, అంటే ప్రోగ్రాములోని తప్పులు, దొరుకుతాయని తోటపని చేయమంటే నేను ఒప్పుకోను. అలా అనుకున్న రోజున తోటపని కూడా జీతం లేని ఓవర్‌టైమే అవుతుంది. అభిరుచి ఉద్యోగానికి ఊడిగం చేయకూడదు. కంప్యూటర్ శాస్త్రంలో మహాపండితుడైన డొనాల్డ్ నూత్ ఇంట్లో ఎనిమిది వందలకు పైగా గొట్టాలున్న ఆర్గన్ వాయిద్యం ఉండేది. 1990 జనవరి 1 నుంచి ఈమెయిలు వాడడం మానేసిన ఆయన, ఆర్గన్ కోసం ఒక పెద్ద సంగీతరచన చేశాడు. అది 2018లో, ఆయన ఎనభయ్యో పుట్టినరోజున, స్వీడన్‌లో తొలిసారి వినిపించింది. సంగీతం వల్ల ప్రోగ్రామింగ్ మీద ఆయన రాస్తున్న పుస్తకాలు త్వరగా పూర్తయ్యాయా అంటే లేదు, వాటికోసం పాఠకులు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. కంప్యూటర్లను నడిపించే లినక్స్ అనే వ్యవస్థ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ తీరు వేరు. సముద్రంలో డైవింగ్ ఆయనకు సరదా. 2011లో ఆ డైవింగ్ వివరాలు రాసిపెట్టుకోవడానికి కూడా ఒక ప్రోగ్రామే రాశాడు. మా వృత్తివాళ్లకు ఈ జబ్బు కొత్త కాదు. మొక్కలకు ఎరువు వేసే తేదీలు గుర్తుచేసే ప్రోగ్రాము ఒకటి నేనూ మొదలుపెట్టి, సగంలో సిగ్గుపడి ఆపేశాను.

పని మధ్యలో తీసుకునే చిన్న విరామాల గురించి ఒక్క మాట. స్క్రీన్ చూస్తున్నంతసేపూ మనం రెప్పలు తక్కువగా వేస్తాము, అందుకే కళ్లు పొడిబారి మండుతాయి. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లపాటు చూడమని కంటి వైద్యులు చెబుతారు. ల్యాప్‌టాప్ మూసి ఫోన్ తీస్తే దాన్ని విరామమనలేము.

మళ్లీ బీరపువ్వు దగ్గరికి వస్తాను. మా మిద్దె నాలుగో అంతస్తు పైన ఉండడం వల్ల కాబోలు, తేనెటీగలు అంతగా రావు. అందుకని పుప్పొడిని మన చేత్తోనే అద్దాలి. మగపువ్వులు గుత్తిగా వస్తాయి, కింద వట్టి కాడ ఉంటుంది. ఆడపువ్వు ఒంటరిగా వస్తుంది, దాని కింద చిటికెనవేలంత పిందె అప్పటికే గీతలతో సహా సిద్ధంగా ఉంటుంది. మగపువ్వును తెంపి, పసుపు రేకులను వెనక్కి మడిచి, ఆడపువ్వు మధ్యలో పుప్పొడిని అందుకునే కీలాగ్రానికి మెత్తగా తాకించాలి. గట్టిగా అదిమితే పిందె మెడ విరుగుతుంది, విరిగినదాన్ని మళ్లీ అతికించే మార్గం లేదు. పొద్దంతా చేసిన తప్పును ఒక్క మీటతో వెనక్కి తీసుకునే అలవాటున్న వేళ్లకు ఇది కొత్త చదువు. ఫలితం కూడా వెంటనే తెలియదు. రెండుమూడు రోజులకు పిందె ముదురాకుపచ్చ రంగుకు తిరిగి బరువుగా కిందికి వాలితే నిలిచినట్టు, పసుపెక్కి ముడుచుకుంటే పోయినట్టు.

ఇందుకోసం సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా మీటింగులకు రానని చెప్పాను. మొదట్లో ముఖాలు ముడుచుకున్నవారు ఉన్నారు. క్యాలెండరులో బీరపువ్వులని రాసే ధైర్యం లేక “వ్యక్తిగత పని” అని రాసుకున్నాను; ఇప్పటికీ అలాగే ఉంది.

మొదటి ఏడాది నేను పుప్పొడి అద్దిన పదకొండు పువ్వులలో నాలుగే కాయలయ్యాయి. మూడింటిని అమ్మ పచ్చడి చేసింది, తీసిన చెక్కును కూడా పారేయకుండా మరో పచ్చడి నూరింది. నాలుగోది ఆకుల చాటున నా కంట పడకుండా ముదిరిపోయింది. దాన్ని తీగమీదే ఎండనిచ్చి, గింజలు దులిపి దాచి, ఆ పీచుతో ఏడాదిపాటు వీపు రుద్దుకున్నాను.

నమస్కారం.