జియోక్యాషింగ్‌లో చివరి పది మీటర్లు: చేతి జీపీఎస్‌ని పూర్తిగా వాడుకుందాం

[దృశ్యం: ఎత్తైన డగ్లస్ ఫర్ చెట్లు, వానకి తడిసిన నేల. చేతిలో చిన్న జీపీఎస్. కెమెరా నెమ్మదిగా దాని స్క్రీన్ దగ్గరికి వస్తుంది.]

నమస్తే అండి. నేనిప్పుడు ఆరెగాన్‌లో, పోర్ట్‌లండ్‌కి దక్షిణాన ఉన్న బీవర్‌క్రీక్ దగ్గర రోడ్డు పక్కన చెట్ల మధ్య ఉన్నాను. జియోక్యాషింగ్ అంటే ఒకరు ఎక్కడో దాచిన డబ్బాని ఇంకొకరు జీపీఎస్‌తో వెతికి పట్టుకునే ఆట, ఆ డబ్బానే క్యాష్ అంటారు. ఆ ఆట పుట్టిన ఊరు ఇదే. 2000 మే నెల దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలనే తప్పు కలిపేది, దాంతో మనం ఉన్న చోటు వంద మీటర్ల దాకా అటూ ఇటూ చూపించేది. మే 2న ఆ తప్పు కలపడం ఆపేశారు. సరిగ్గా మర్నాడు, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్ తెచ్చి ఇక్కడ సగం పాతిపెట్టి, కోఆర్డినేట్లు, అంటే ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు, ఇంటర్నెట్‌లో పెట్టి, వెతుక్కోండి అన్నారు. బకెట్లో పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా. ఏదైనా తీసుకుంటే ఇంకేదైనా పెట్టండి, లోపలున్న పుస్తకంలో రాయండి, అంతే రూల్. ఆ బకెట్ ఇప్పుడు లేదు, ఆ చోట ఒక ఫలకం ఉంది.

[స్క్రీన్ మీద: ఉత్తరం 45° 17.460', పశ్చిమం 122° 24.800']

ఈ అంకెలు చూడండి. చివర మూడు దశాంశాలున్నాయి కదా. ఉత్తర దక్షిణాల్లో ఆ ఆఖరి అంకె ఒకటి మారితే 1.85 మీటర్లు జరిగినట్టు. తూర్పు పడమరల్లో అయితే ఇక్కడ 1.3 మీటర్లే, ఎందుకంటే ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరికొస్తాయి. అంటే రాసుకునే పద్ధతిలోనే మీటరు, రెండు మీటర్ల మేర తేడా ఉంది. ఆపైన క్యాష్ పెట్టినవాళ్ల జీపీఎస్ తప్పు ఒక మూడు నాలుగు మీటర్లు, మీ జీపీఎస్ తప్పు ఇంకో మూడు నాలుగు. ఇవి రెండూ ఎదురెదురుగా పడ్డాయంటే మిగిలిన దూరం సున్నా అని స్క్రీన్ చూపిస్తున్నప్పుడు కూడా డబ్బా మీకు ఏడెనిమిది మీటర్ల దూరంలో ఉండొచ్చు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు సున్నా రాగానే కాళ్ల కింద తవ్వినంత పని చేస్తారు. దయచేసి తవ్వకండి, స్థలం యజమాని అనుమతి లేకుండా నేల తవ్వి పాతిపెట్టడం జియోక్యాషింగ్‌లో ఇప్పుడు నిషేధం.

నా చేతిలో ఉన్నది గార్మిన్ ఈట్రెక్స్ 32ఎక్స్. రెండు డబుల్ ఏ బ్యాటరీలు, ఎండలో కూడా కనపడే స్క్రీను, ఒక చిన్న జాయ్‌స్టిక్. మీ దగ్గర వేరే మోడల్ ఉంటే మెనూ పేర్లు కొంచెం మారతాయి కానీ సంగతి అదే. ఫోన్ ఉండగా ఇదెందుకు అని చాలామంది అడుగుతారు. వానలో తడి చేతులతో ఫోన్ పట్టుకుని నాలుగు గంటలు అడవిలో తిరిగి చూడండి, మీకే తెలుస్తుంది.

ముందు ఇంట్లోనే చేసుకోవాల్సిన పని ఒకటుంది. సెటప్‌లోకి వెళ్లి పొజిషన్ ఫార్మాట్ డిగ్రీలు, దశాంశ నిమిషాల్లో ఉందో లేదో, మ్యాప్ డేటమ్, అంటే కోఆర్డినేట్లకి ఆధారమైన భూమి కొలతల లెక్క, డబ్ల్యూజీఎస్ 84 ఉందో లేదో చూసుకోండి. జియోక్యాషింగ్ వెబ్‌సైట్‌లో క్యాష్ పేజీల్లో ఇచ్చేది ఈ పద్ధతిలోనే. నిమిషాలు, సెకన్ల పద్ధతి పెట్టుకుని 17.460ని 17 నిమిషాల 46 సెకన్లుగా కొట్టారనుకోండి, అర కిలోమీటరు పైనే పక్కకి పోతారు. అదే సెటప్‌లో, సిస్టమ్ మెనూలో, ఉపగ్రహాలు జీపీఎస్ ఒక్కటే కాకుండా రష్యా వాళ్ల గ్లోనాస్ కూడా కలిపి పెట్టుకోండి, చెట్ల కింద తేడా తెలుస్తుంది. జీపీఎస్ తప్పుల్ని సరిదిద్దే వాస్ సిగ్నల్ కూడా ఆన్ చేయండి. బ్యాటరీ రకం కూడా అక్కడే ఉంటుంది, రీచార్జబుల్ వేసి ఆల్కలైన్ అని వదిలేస్తే ఛార్జ్ ఎంతుందో తప్పు చూపిస్తుంది.

తర్వాత క్యాష్‌లని లోపలికి ఎక్కించడం. కోఆర్డినేట్లు చేత్తో కొట్టొచ్చు, ఒకటి రెండింటికి పర్వాలేదు. ఎక్కువైతే క్యాష్‌ల వివరాలుండే జీపీఎక్స్ ఫైల్ వెబ్‌సైట్ నుంచి దించుకుని, యూఎస్‌బీ వైరు పెట్టి, గార్మిన్ ఫోల్డర్‌లో ఉన్న జీపీఎక్స్ ఫోల్డర్‌లో పడేస్తే చాలు. డబ్బు కట్టిన సభ్యులైతే పాకెట్ క్వెరీ అని ఒక్కో ఫైల్లో వెయ్యి క్యాష్‌ల దాకా తెచ్చుకోవచ్చు. అలా తెస్తే పేరు, స్థలం మాత్రమే కాదు, వివరణ, డబ్బా సైజు, ఎంత కష్టం, దారి ఎలా ఉంటుంది, ఇంతకుముందు వెళ్లినవాళ్లు ఏం రాశారు, ఆఖరికి హింట్ కూడా యంత్రంలోనే ఉంటాయి. సిగ్నల్ లేని చోట ఇదే ప్రాణం. వెళ్లినవాళ్లు రాసిన ఆ పాత లాగ్‌లు తప్పకుండా చదవండి. వరసగా నలుగురు దొరకలేదు అని రాసి ఉంటే అక్కడ డబ్బా ఉండకపోవచ్చు, పిల్లల్ని తీసుకుని అంత దూరం నడవడం అనవసరం.

[దృశ్యం: కంపాస్ పేజీ. ఎర్ర బాణం, పైన దూరం అంకె.]

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఈ వీడియో చేసిందే దీనికోసం. ఈ పేజీలో రెండు వేర్వేరు సంగతులు పక్కపక్కన ఉన్నాయి, కానీ మనం వాటిని ఒకటే అనుకుంటాం. దూరం వచ్చేది ఉపగ్రహాల నుంచి. బాణం మాత్రం మీరు నిలబడ్డప్పుడు లోపలున్న దిక్సూచి చెప్పినట్టు తిరుగుతుంది. దిక్సూచి తప్పితే బాణం తప్పుతుంది, దూరం మాత్రం తప్పదు.

నాకిది ఎలా తెలిసిందో చెప్తాను. పోయిన నవంబర్‌లో మా అమ్మాయితో ఒక పార్క్‌కి వెళ్లాను. కారు దగ్గర బ్యాటరీలు మార్చాను, దిక్సూచిని సరిచేయకుండా బయల్దేరాను. బాణం స్థిరంగా ఒక పెద్ద మొద్దు వైపు చూపిస్తోంది, ఊగడం లేదు, తొణకడం లేదు. సరే అని ఆ మొద్దు చుట్టూ ఇరవై ఐదు నిమిషాలు వెతికాను, నాచు ఎత్తి చూశాను, వేళ్ల సందుల్లో చెయ్యి పెట్టాను, ఏమీ లేదు. మా అమ్మాయి యంత్రం పట్టుకుని, "నాన్నా, నువ్వు బాణం వైపు నడుస్తుంటే పన్నెండు పద్నాలుగు అవుతోంది" అంది. అప్పుడు అర్థమైంది. బాణం చెప్పిన వైపు నడుస్తుంటే దూరం తగ్గాలి కదా, పెరుగుతోంది. బాణాన్ని పక్కనపెట్టి, అంకె తగ్గే వైపే నడిచాం. మొద్దుకి ఎడమ వైపు, ఫెర్న్ ఆకుల వెనక, పడిపోయిన దుంగ తొర్రలో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా దొరికింది. మా అమ్మాయి దాని మూత తీసినప్పుడు చూడాలి ఆ మొహం.

కాబట్టి బ్యాటరీ మార్చినప్పుడల్లా, చాలా దూరం ప్రయాణించినప్పుడు, చలికాలంలో వెచ్చటి ఇంట్లోంచి బయటికి వచ్చినప్పుడు దిక్సూచిని సరిచేసుకోండి. కంపాస్ పేజీలో మెనూ నొక్కి, క్యాలిబ్రేట్ కంపాస్, స్టార్ట్. స్క్రీన్ మీద ఎలా తిప్పమంటే అలా మూడు విధాలుగా నెమ్మదిగా తిప్పాలి, ఒక్క నిమిషం పని. కారు పక్కన, కరెంటు తీగల కింద చేయకండి. జేబులో కత్తి, బెల్టు బకిల్ లాంటి ఇనుప వస్తువులకి కూడా దూరంగా పట్టుకోండి. కొన్ని మోడళ్లలో, ఉదాహరణకి 22ఎక్స్‌లో, దిక్సూచి ఉండదు. వాటిలో మీరు నడుస్తుంటేనే బాణం పనిచేస్తుంది, ఆగితే దానికి దిక్కు తెలియదు.

[దృశ్యం: శాటిలైట్ పేజీ. పక్కన ప్లస్ మైనస్ అంకె.]

పది మీటర్లకి దగ్గరయ్యాక ఈ పేజీకి ఒకసారి రండి. ఇక్కడ ప్లస్ మైనస్ 5 మీటర్లు అని ఉంటే, యంత్రం తనకి ఎంత అనుమానం ఉందో మీకు చెప్తోందన్నమాట. చెట్ల కింద, కొండ పక్కన ఇది పదికి, పన్నెండుకి పోతుంది, సిగ్నల్ కొమ్మలకి, రాళ్లకి తగిలి తిరిగొస్తుంది కాబట్టి. అప్పుడు పరుగెత్తకండి, లెక్క మీ నడక వెనకాల కొంచెం ఆలస్యంగా వస్తుంది. ఒక నిమిషం కదలకుండా నిలబడండి. తర్వాత ముప్పై మీటర్లు వెనక్కి పోయి వేరే వైపు నుంచి మళ్లీ రండి, సున్నా ఎక్కడ చూపించిందో గుర్తు పెట్టుకోండి. మూడు వైపుల నుంచి వస్తే మూడు చోట్లు వస్తాయి, వాటి మధ్యలో వెతకండి. అప్పటికి యంత్రాన్ని జేబులో పెట్టేయొచ్చు, ఇక కళ్లదే పని. రాళ్లు ఎవరో పేర్చినట్టు ఉన్నాయా, బెరడు ముక్క ఒకటి ఆ చెట్టుది కానట్టు ఉందా, అలాంటివి.

కొన్ని క్యాష్‌లలో ఇక్కడి నుంచి ఇన్ని డిగ్రీలు, ఇన్ని మీటర్లు పొమ్మంటారు. యంత్రంలో దాచుకున్న చోటుని వేపాయింట్ అంటారు, వేపాయింట్ మేనేజర్‌లో ఆ చోటు తెరిచి, మెనూలో ప్రాజెక్ట్ వేపాయింట్ అంటే కొత్త చోటు తనే లెక్కేస్తుంది. ఒక్క జాగ్రత్త. వాళ్లు చెప్పిన ఉత్తరం ధ్రువం వైపు ఉండే అసలు ఉత్తరమా, దిక్సూచి ముల్లు చూపించే అయస్కాంత ఉత్తరమా చూసుకుని హెడింగ్ సెటప్‌లో అదే పెట్టండి. మన హైదరాబాద్‌లో, విజయవాడలో ఈ రెంటికీ తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ, పట్టించుకోనక్కర్లేదు. ఇక్కడ దాదాపు 15 డిగ్రీలు, అంటే వంద మీటర్లకి 26 మీటర్లు పక్కకి.

మీరే ఒక క్యాష్ పెట్టాలనుకుంటే, ఒకే చోటుని చాలాసార్లు కొలిచి సగటు తీసే వేపాయింట్ యావరేజింగ్ వాడండి, ఒక్కసారి కొలిచి వదిలేయకండి. బార్ నిండే దాకా కదలకుండా ఉంచి సేవ్ చేసి, కనీసం గంటన్నర ఆగి మళ్లీ కొలవాలి, అలా నాలుగు నుంచి ఎనిమిది సార్లు. ఎందుకంటే ఈలోపు ఆకాశంలో ఉపగ్రహాలు జరుగుతాయి, ఒక్కో వేళ తప్పు ఒక్కో వైపు ఉంటుంది. ఇది ఓపిక పని, నిజమే. కానీ మీరు ఓపిక పడితే తర్వాత వచ్చేవాళ్లు అక్కడి మొక్కలన్నీ తొక్కుకుంటూ తిరగరు, అందుకే నాకు ఈ ఫీచర్ అంటే అంత ఇష్టం.

ఇండియా వెళ్లేటప్పుడు తీసుకెళ్లొచ్చా అని అడిగేవాళ్లకి ఒక మాట. ఈట్రెక్స్ సిగ్నల్ అందుకుంటుందే కానీ ఉపగ్రహానికి ఏమీ పంపదు. ఇన్‌రీచ్ లాగా ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరాలు మాత్రం అనుమతి లేకుండా ఇండియాకి తేకండి, ఎయిర్‌పోర్ట్‌లో పెద్ద టెన్షన్ అవుతుంది.

[దృశ్యం: దుంగ మీద తెరిచిన డబ్బా, చిన్న లాగ్ కాగితం, పెన్సిల్.]

దొరికాక కాగితం మీద పేరు, తేదీ రాసి, డబ్బా మూత గట్టిగా పెట్టి, ఎక్కడ ఉందో అక్కడే, ఎలా కప్పి ఉందో అలాగే పెట్టండి. తర్వాత యంత్రంలో లాగ్ అటెంప్ట్ నొక్కి ఫౌండ్ అనండి. దొరకకపోతే డిడ్ నాట్ ఫైండ్ కూడా నిజాయితీగా నొక్కండి, డబ్బా యజమానికి అదే పనికొస్తుంది. ఇవన్నీ జియోక్యాష్ విజిట్స్ అనే ఫైల్లో టైముతో సహా చేరతాయి, ఇంటికెళ్లి ఆ ఫైల్ వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేస్తే మీ లాగ్‌లు డ్రాఫ్ట్‌లుగా వచ్చేస్తాయి. ఆ కిందే ఫైండ్ నెక్స్ట్ క్లోజెస్ట్ ఉంది, దగ్గర్లో ఉన్న తర్వాతి క్యాష్ చూపిస్తుంది. నొక్కుతున్నాను... 410 మీటర్లు, వాగు అవతల.