ఫ్రిజ్ తెరిచి చూపించమనండి

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పెద్దలకు, వెనక వరసలో పులిహోర వాసన పసిగట్టేసిన పిల్లలకు నమస్కారం. సెప్టెంబరు 25 ఫార్మసిస్టుల దినోత్సవం కదా, విదేశాలకు వెళ్ళేవాళ్ళ ఆరోగ్య జాగ్రత్తల గురించి చెప్పమన్నారు కార్యదర్శిగారు. దోమతెర, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, కాచి చల్లార్చిన నీళ్ళు... ఇవన్నీ మీకు తెలిసినవే. నేను ఫ్రిజ్ గురించి మాట్లాడతాను. ఏమనుకోకండి.

మా మేనల్లుడికి నైజీరియాలో ఉద్యోగం వచ్చింది. హెపటైటిస్ బి వ్యాక్సిన్ కొందామని ఇక్కడే, ఈ చెన్నైలోనే, ఒక మందుల షాపుకి వెళ్ళాం. పేరు చెప్పను. కౌంటర్లో కుర్రాడు ఫ్రీజర్ తెరిచి, మంచు గీకి, ఒక పెట్టె బయటికి లాగాడు. వయల్, అదే చిన్న మందు సీసా, చేతిలోకి తీసుకుంటే లోపల గడ్డ! ఇదేంటి బాబూ అంటే, ‘కూలింగ్ బాగుంది సార్, ఐదు నిమిషాల్లో కరిగిపోతుంది’ అన్నాడు. గర్వంగా అన్నాడండీ. అదీ నా బాధ.

వ్యాక్సిన్‌కి ఎండ పడదని అందరికీ తెలుసు. మంచు కూడా పడదని ఎందరికి తెలుసు? ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. హెపటైటిస్ బి, టెటనస్ లాంటి వాటిలో అల్యూమినియం లవణం ఉంటుంది. గడ్డకడితే దాని రేణువులు ముద్దలు ముద్దలుగా అతుక్కుంటాయి, మందు బలం పోతుంది. కరిగాక పైకి మామూలుగానే కనిపించవచ్చు. విరిగిన పాలు చల్లారబెడితే మళ్ళీ పాలవుతాయా అమ్మా?

ఇంతలో ఓనరు వచ్చాడు. ‘మీరు డాక్టరా?’ కాదయ్యా, ఫార్మసిస్టుని. ‘మాకూ ఉన్నాడు ఫార్మసిస్టు’ అని గోడకేసి చూపించాడు. ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఉంది. మనిషి లేడు! 1948 నాటి ఫార్మసీ చట్టం ఏం చెబుతుంది? డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టు. గోడ మీది కాగితం కాదు. ఈ అద్దె సర్టిఫికెట్ల గురించి మా వాళ్ళ సభల్లో మాట్లాడితే మైకు లాక్కుంటారు. ఇక్కడ లాక్కోరని ధైర్యం.

సరే, విషయానికొస్తా. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మీకు గుర్తుందా? కొన్ని పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తర్వాత ‘మా వ్యాక్సిన్లు పాడయ్యాయి, పారేశాం’ అన్న షాపు మీకెవరికైనా తెలుసా? చేతులెత్తండి. ఒక్కటీ లేదు. మరి ఆ స్టాకంతా ఏమైనట్టు?

అందుకే అడగండి. మొహమాటం వద్దు. ఫ్రిజ్ తెరిచి చూపించమనండి. లోపల థర్మామీటర్ ఉందా, పొద్దున సాయంత్రం రీడింగ్ రాసిన పుస్తకం ఉందా? వ్యాక్సిన్ తలుపు అరలో పెట్టారా, పక్కన పెరుగు డబ్బా ఉందా? ఈ రెండూ ఉండకూడదు. కొన్నాక క్లినిక్‌కి పాలిథిన్ కవర్లో ఊపుకుంటూ తీసుకెళ్ళకండి, ఐస్ ముక్కకి ఆనించి కూడా పట్టుకెళ్ళకండి. బ్యాచ్ నంబరు కార్డు మీద రాయించుకోండి. ఇంజెక్షన్ అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి. సూది మందు ఒంటికి పడక ప్రాణం మీదికొస్తే ఇచ్చే అడ్రినలిన్ వాళ్ళ దగ్గర ఉందో లేదో ముందే కనుక్కోండి. ‘ఎందుకంత టెన్షన్ అంకుల్’ అంటాడు మా మేనల్లుడు. అననివ్వండి.

నైజీరియా లాంటి దేశాలకు వెళ్ళేవాళ్ళు వేయించుకోవాల్సిన ఎల్లో ఫీవర్ వ్యాక్సిన్ సంగతి వేరు. అది మందుల షాపులో కొనేది కాదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మనకి గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1899లో పెట్టింది. లేదంటే పోర్ట్ హెల్త్ ఆఫీసు. పాస్‌పోర్టు పట్టుకెళ్ళాలి. ఆ వ్యాక్సిన్ పొడిలో ద్రవం కలిపాక ఆరు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాల్సిందే. వ్యాక్సిన్ వేసినట్టు ఒక కార్డు ఇస్తారు, వేసిన పది రోజుల తర్వాత గానీ అది చెల్లదు. కాబట్టి విమానం ముందు రోజు పరిగెత్తి లాభం లేదు. 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. గుడ్డు పడనివాళ్ళు, అరవై దాటినవాళ్ళు ముందు డాక్టరుతో మాట్లాడాలి. నైజీరియా నుంచి కార్డు లేకుండా తిరిగొస్తే ఇక్కడ ఆరు రోజుల దాకా క్వారంటైన్.

సూది లేకుండానే కార్డు ఇప్పిస్తామనే ఏజెంట్లున్నారు. మా మేనల్లుడికీ ఒకడు ఫోన్ చేశాడు. ఫోన్ నేను తీసుకున్నా. ఏమన్నానో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్న సభలో చెప్పలేను.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట. బయట బల్ల మీద రెండు వయల్స్ పెట్టాను. రెండూ ఒకే బ్యాచ్, గడువు తీరినవి. ఒకటి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి కరిగించాను. బాగా ఊపి, కదలకుండా నిలబెట్టండి. ఒకదాంట్లో మడ్డి గబగబా అడుక్కి దిగిపోతుంది, పైన తేట తేలుతుంది. ఏది ఫ్రీజర్లోదో చూసి చెప్పండి. మూతలు మాత్రం తీయకండి, బాబూ, ముఖ్యంగా వెనక వరస.